ఇరవై ఒక్క రోజుల పథ్యం

కనకమహాలక్ష్మికి తలనొప్పి ఉందన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. గోడమీద క్యాలెండరు ఉందని తెలిసినట్టే తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా వారానికి రెండుసార్లు ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి దిగేది ఆ పార్శ్వపు నొప్పి. వచ్చిన రోజున ఆమె తలకి గుడ్డ బిగించి కట్టుకుని వంట చేసేది. ఆ గుడ్డ చూసి భర్త విజయభాస్కర్ "ఇవాళ వచ్చిందా?" అని జాలిగా అడిగేవాడు. ఆ వెంటనే కాఫీ అడిగేవాడు.

వాళ్ళది తణుకు దగ్గర పల్లె. ఆయనకి హబ్సిగూడలో గుమాస్తా ఉద్యోగం వచ్చాక నాచారంలో కాపురం పెట్టారు. కూతురు ధనశ్రీ ఘట్‌కేసర్ అవతల ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీ బస్సు ఆరుంబావుకే ఉప్పల్ చౌరస్తాకి వస్తుంది కాబట్టి కనకం నాలుగున్నరకి లేవాలి. ఎనిమిదిన్నరకి మళ్ళీ తను లెక్కలు చెప్పే స్కూలు. పైగా అది తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఏడాది, వారానికో బందు. బందంటే ఊరంతటికీ సెలవు. కనకానికి మాత్రం మూడు పూటలా వంట, మధ్యలో పకోడీలు.

డాక్టర్లకి చూపించలేదా అంటే, చూపించారు. స్కానింగులు తీశారు, మాత్రలిచ్చారు. చివరాయన మాత్రలు కూడా రాయకుండా "విశ్రాంతి తీసుకోవాలమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు తారామణి "అలాగే తీసుకో, ఎవరొద్దన్నారు? ముందా పప్పు దించు, మాడిపోతోంది" అంది. కనకం పప్పు దించింది.

ఒకరోజు స్కూల్లో ఆమె బల్లమీద తల వాల్చి పడుకుంటే ఆయా సారలమ్మ చూసింది.

"ఎన్ని దినాలు గిట్ల జేస్తవు టీచరమ్మా? జర నా మాట ఇను. ఉప్పల్ల మా అవుసులాయన చంద్రయ్య ఉన్నడు. చెవుల లోపట కుడతడు. మా చెల్లెకు గట్లనే తగ్గింది."

కంసాలిని అక్కడ అవుసులాయన అంటారు. లెక్కల టీచరుకి ఇలాంటి వాటిమీద నమ్మకం ఉండకూడదు. కానీ పద్దెనిమిదేళ్ళ నొప్పి ముందు నమ్మకాలెంతసేపు నిలుస్తాయి? ఆదివారం బయల్దేరింది. చెవి కుట్టించుకునేటప్పుడు ఇంటి పెద్ద పక్కనుండాలని తారామణి కూడా వెంట వచ్చింది.

చంద్రయ్య దుకాణం ఉప్పల్ బజారు సందులో ఒక ఇరుకు గది. ఆయన సన్నటి బంగారు తీగని కుంపట్లో కాల్చి, చల్లార్చి, చెవిని వేళ్ళతో తడిమాడు. కుట్టింది తమ్మెకీ కాదు, పై అంచుకీ కాదు. చెవి రంధ్రానికి ఎదురుగా లోపల గట్టిగా ఒక మడత ఉంటుంది, సరిగ్గా అక్కడ. పచ్చి జామకాయ కొరికినట్టు తలలోపల చప్పుడైంది. కనకం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గిది మామూలు కుట్టు గాదమ్మా" అన్నాడు చంద్రయ్య తీగ మెలిపెడుతూ. "ఇరవై ఒక్క దినాలు పత్తెం ఉండాలె. పొయ్యి కాడికి పోవద్దు, సెగ తగలొద్దు. పొద్దుగాల సూర్యుడు రాకముందు లేవొద్దు. బరువు మొయ్యొద్దు. పూటపూటకు ఉప్పునీళ్ళతోని కడుగుర్రి. పత్తెం తప్పితే చెవు కుళ్ళిపోతది, నన్ను అనొద్దు."

విశ్రాంతి అంటే చెవిన పెట్టని తారామణి, పథ్యం అనేసరికి బెదిరిపోయింది. బాలింతరాలి పథ్యం, అమ్మవారు పోసినప్పటి పథ్యం, పసరు మందు పథ్యం, ఆమె జీవితమంతా పథ్యాల మీదే నడిచింది. దేవుణ్ణి కాదన్నా క్షమిస్తాడు గానీ పథ్యం తప్పితే క్షమించేవాళ్ళు లేరని ఆవిడ సిద్ధాంతం.

మర్నాడు కనకం అలవాటుగా నాలుగున్నరకే లేవబోయింది. "పడుకో!" అని గదమాయించింది తారామణి. వంటగది గడప దాటనివ్వలేదు. ధనశ్రీ తన డబ్బాలో తనే పెరుగన్నం కలుపుకుంది. విజయభాస్కర్ కుక్కరు మూత ఎటు తిప్పాలో నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేర్చుకున్నాడు. చెవి ఎర్రగా వాచి, రసి కారుతుంటే ముగ్గురూ వంతులవారీగా తొంగిచూసి అయ్యో అన్నారు. పద్దెనిమిదేళ్ళ నొప్పికి దొరకని అయ్యో ఒక చిన్న పుండుకి దొరికింది. కనకానికి ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. కానీ కోప్పడే ఓపిక లేక నిద్రపోయింది.

ఎంత నిద్ర! స్కూలునుంచి రాగానే నిద్ర, తిని మళ్ళీ నిద్ర. పదోరోజుకి లెక్క చూసుకుంటే తలనొప్పి ఒక్కసారి కూడా రాలేదు. తీగ మహిమో నిద్ర మహిమో ఆమె తేల్చుకోదల్చుకోలేదు.

పదిహేడో రోజున అద్దంలో చూసుకుంటే వాపు లేదు, రసి లేదు. పొక్కు రాలిపోయి, కింద లేత చర్మం కనిపించింది. చెవి మానిపోయింది. సంతోషించాల్సిందిపోయి ఆమెకి భయం పట్టుకుంది. మానిందంటే పథ్యం అయిపోయినట్టే, అంటే మళ్ళీ నాలుగున్నర, మళ్ళీ గుడ్డ. స్నానాలగది తలుపు గడియ వేసుకుని, పళ్ళు బిగబట్టి, తీగని అటూ ఇటూ గట్టిగా తిప్పింది. నెత్తురు చుక్క వచ్చింది. సాయంత్రానికి చెవి మళ్ళీ వాచింది.

తప్పు చేశానని తెలుసు. పంతొమ్మిదో రోజున మళ్ళీ తిప్పింది. బయటికి వచ్చేసరికి తారామణి ఒక చేత్తో నడుం పట్టుకుని, ఒక చేత్తో పులుసు కలుపుతూ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. విజయభాస్కర్ నేర్చిన కుక్కరు విద్య వారంలోనే మూలపడింది, బరువంతా ఆవిడ మీదే పడింది. కనకానికి సిగ్గేసింది. అయినా రెండురోజుల్లో ఈ నిద్ర పోతుందన్న భయం ముందు ఆ సిగ్గు నిలవలేదు.

ఇరవై ఒకటో రోజున అత్తాకోడళ్ళు మళ్ళీ ఉప్పల్ వెళ్ళారు. విజయభాస్కర్ స్కూటరు మీద వాళ్ళ ఆటో వెనకే వచ్చి వీధిలో నిలబడ్డాడు.

చంద్రయ్య చెవిని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఒకపాలి మానిందమ్మా గిది. మళ్ళ రేగింది. ఏం జేసినవు?"

కనకం తల దించుకుంది.

"రేగిందిగా నాయనా, ఇంకో ఇరవై ఒక్క రోజులు పథ్యం చెప్పు" అంది తారామణి. అని, తన చెవి మీది నెరిసిన జుట్టు పక్కకి తీసి పీట మీద కూర్చుంది. "నాకూ కుట్టు."

చంద్రయ్య వేలితో తడిమి ఆగిపోయాడు. "పెద్దమ్మా, గీడ మా అసొంటోడే ఎవడో ముందుగాల్నే కుట్టిండు గదా. పూడిపోయింది."

"యాభై ఏళ్ళైంది. మళ్ళీ తెరువు."

ఆయన ఇద్దరి మొహాలూ చూశాడు. కుంపటి ఊదాడు. పనయ్యాక విజయభాస్కర్‌ని లోపలికి పిలిచాడు. "సార్, పత్తెం ఇద్దరికి. ఇయ్యాల్టి సంది ఇరవై ఒక్క దినాలు."

"ఇద్దరికీనా? మరి వంట?" అన్నాడు విజయభాస్కర్.



తిరుగు దారిలో ఆటోలోకి గాలి కొడుతుంటే తారామణి తన కొంగుతో కోడలి చెవి కప్పింది.

"మీకు తెలుసా అత్తయ్యగారూ, నేను..."

"గడియ వేసుకుని అరగంట ఉంటే తెలీదూ? నువ్వు పదిహేడో రోజుదాకా ఆగావు. నేను ఆ రోజుల్లో మానీ మానగానే, పన్నెండో రోజునే తిప్పుకున్నానే."

 నాచారం మలుపు దగ్గర కనకం అడిగింది.

"ఎన్ని రోజులు కలిసొచ్చాయి మీకు?"

"తొమ్మిది" అంది తారామణి కళ్ళు మూసుకుని. "ఆ తొమ్మిదీ ఇప్పటికీ గుర్తున్నాయి."