ఒకే పొయ్యి మీద ముగ్గురు

టైలరక్కకి నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. కాళ్ళు పనిచెయ్యవు గానీ, చక్రాల కుర్చీలో కూర్చునే సగం వీధికి బట్టలు కుట్టిపెట్టేది. ఆవిడ కుట్టిన బట్టలు తొడుక్కునే వెళ్ళి, వీధివాళ్ళు ఆవిడ ఇంటి మీద ప్లానింగ్ ఆఫీసులో అర్జీ పెట్టి వచ్చారు. విశ్వాసం అంటే అలా ఉండాలి మరి.

ఈ వీధి కుటుంబాలు ఉండడానికే కేటాయించిందట. ఆ ఇంట్లో ఉండే ముగ్గురికీ చుట్టరికం లేదు గనక అది హాస్టలేనట, ఇక్కడ ఉండకూడదట. వికలాంగులన్న కారణంతో ఇల్లు లేదనడం చట్టం ఒప్పుకోదు, అందుకే ఆ మాట మాత్రం ఎవరూ రాయలేదు. ఆపాటి తెలివికి లోటు లేదు.

మిగతా ఇద్దరిలో ఒకరు చూపులేని సంగీతం మాష్టారు. రెండోవాడు లాండ్రీలో బట్టలు మడతపెట్టే చిన్నోడు. పేరుకే చిన్నోడు, ముప్పై దాటాయి. మాట నిదానం, అప్పుడప్పుడూ మూర్ఛ వస్తుంది. మెట్లున్న ఇళ్ళవాళ్ళూ, మెట్లు లేకపోయినా మనసు లేనివాళ్ళూ తిప్పి పంపాక ముగ్గురికీ దొరికిన ఇల్లది. ఒకే వంటతో కలిసి బతికేవాళ్ళు కుటుంబమే అని నిబంధన ఉంది. అది తేల్చడానికి ప్లానింగ్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ భోజనాల వేళకి వస్తానని కబురు పెట్టాడు. కాదని తేలితే ముగ్గురూ మూడు దిక్కులు.

మంచిపేరు రావాలని టైలరక్క ముందురోజే ఇల్లు అద్దంలా తుడిపించింది. కంచాలకీ తువ్వాళ్ళకీ పేర్లు అంటించింది. అలమరలో ఎవరి అరకి వాళ్ళ చీటీ పెట్టింది. బుద్ధిగా తినమని ఇద్దరికీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

వాళ్ళూ అలాగే తిన్నారు, కొత్త వియ్యంకుల్లా మీరు మీరు అనుకుంటూ. ఇన్‌స్పెక్టర్ అన్నీ చూసి నిట్టూర్చాడు.

"అన్నీ విడివిడిగానే ఉన్నాయమ్మా. హాస్టలనే రాయాల్సి వస్తుంది."

తన గొయ్యి తనే తవ్వుకుంది పాపం. ఇంకొకరైతే కాళ్ళావేళ్ళా పడేవారు. టైలరక్క కుర్చీ తిప్పుకుని వెళ్ళి చీటీలన్నీ పీకేసింది. మీరు మెచ్చుకుంటారని నిన్ననే అంటించానని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక నటన చాలు, రోజూలాగే తినమని మిగతా ఇద్దరికీ చెప్పింది.

అదే చాలు చిన్నోడికి. మాష్టారి కంచంలో కూర ఎత్తబోయాడు. చెంచా చప్పుడుకే ఆయన వాడి చెయ్యి దొరకబుచ్చుకున్నారు. నిన్నా ఇంతేనని ఆయన, నిన్న నాది మీరే తిన్నారని వాడు. టైలరక్క ఇద్దర్నీ కలిపి తిట్టి, తన కూర వాడి కంచంలోకి తోసేసింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకున్నాడు. ముగ్గురూ ఒకరికొకరు ఏమవుతారో కూడా రాయాలని అడిగాడు.

"వీడికి మూర్ఛ వస్తే నేను కుర్చీలోంచి లేవలేను సార్. మాష్టారు పరిగెడతారు. ఎటు పరిగెత్తాలో నేను చెప్తాను. దాన్నేమంటారో మీరే రాసుకోండి."

ఆవిడకి చేతులెత్తి మొక్కాలి. ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు. ఒక్క మాట రాసి, మాష్టారి కోసం పైకి చదివాడు, "కుటుంబం" అని.

మాష్టారు ఇంకొక్కసారి చదవమన్నారు.