బాగున్న కారును కోసిన రోజు

నేను ఒక ఫెండర్‌ని. కారు చక్రం మీద వంపు తిరిగి ఉండే భాగాన్ని. ఇనప రేకును కాను. ఫైబర్ గుడ్డను అచ్చులో పొరలు పొరలుగా పరిచి, జిగురు పట్టించి, ఆరబెట్టి నన్ను చేశారు. నా జోడీతో కలిసి అట్టపెట్టెలో బెజవాడ ఆటోనగర్‌కు వచ్చాను. మామూలు ఫెండర్ల కన్నా నాలుగు వేళ్లు వెడల్పు నేను. అందగత్తెనని నేనే చెప్పుకోవాలి, ఇంకెవరు చెబుతారు?

మమ్మల్ని తెప్పించింది వనజాక్షి, పెళ్లివంటల కాంట్రాక్టరు. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. దాని వెనకభాగం వెడల్పు చేయించి లావుపాటి చక్రాలు వేయించాలని ఆవిడ పట్టుదల. మనుషుల తీరు నాకు బోధపడదు. తమ నడుము సన్నబడాలని అన్నం మానేస్తారు, కారు నడుము లావెక్కాలని మాత్రం పనివాళ్ల చుట్టూ తిరుగుతారు. వనజాక్షి మొదటి పని చేసే రకం కాదులెండి.

పని ఒప్పుకున్నది టింకరింగ్ ఖాసింవలీ. ముప్పై ఏళ్లుగా సొట్టలు తీసిన చెయ్యి. ఎంత గుద్దుకొచ్చిన కారునైనా, అసలు గుద్దుకుందంటే ఎవరూ నమ్మనట్టు చేసి పంపేవాడు. కానీ ఇప్పుడు సొట్ట పడితే ఆ ముక్కే మార్చేస్తున్నారు. షెడ్డులో పని లేదు. ఈ బండి కుదిరితే ఇలాంటివి మరికొన్ని వస్తాయి, చెడితే షెడ్డు మూసుకోవడమే. ఆ సంగతి అతనికీ తెలుసు, వీధి మొత్తానికీ తెలుసు.

నన్ను బిగించాలంటే ముందు చక్రం చుట్టూ కారు అసలు రేకును కోసెయ్యాలి. కోశాక మళ్లీ అతికించే ప్రశ్నే లేదు. ఖాసింవలీ కటింగ్ మిషను పట్టుకుని, రెండో చేత్తో ఆ ఎర్ర రేకును నిమిరాడు.

"ఒక్క గీత కూడా లేదు మేడమ్. బాగున్న బండిని కొయ్యాలంటే చెయ్యి రావట్లేదండీ."

"నా ముక్కూ బాగానే ఉండేది. పుడక కోసం కుట్టించుకోలేదూ? కానివ్వండి" అంది వనజాక్షి.

కోశాడు. కోశాడన్న మాటే గానీ, పసిబిడ్డకు గోళ్లు తీస్తున్నట్టు అంచు మాత్రం తీశాడు. తను సుద్దతో గీసుకున్న గీత దాకా వెళ్లనే లేదు. మిగిలిన రేకు కనపడకుండా దాని మీద నన్ను బిగించి, రంగు కొట్టాడు. పైకి ధగధగలాడిపోయాను. లోపలి సంగతి తెలిసినా చెప్పడానికి నాకు నోరేదీ?

వనజాక్షి బండి తీసింది. వీధి చివర గతుకులో కొత్త లావు చక్రం పైకి లేచి, ఆ మిగిలిన రేకును ఒరుసుకుంది. రేకు వంగి నన్ను లోపల్నుంచి పొడిచింది. అమ్మో! కొత్త రంగు మీదే చీలిక పడింది. కాలిన రబ్బరు కంపుతో వెనక్కి వచ్చాం. చూడ్డానికి చేరిన జనం ఇంకా పోలేదు, నాకు తల కొట్టేసినట్టయింది.

ఖాసింవలీ నన్ను విప్పి చూసి కూలబడ్డాడు. అతని మొహం చూశాక నా కోపం పోయింది, జాలేసింది.

"జాలిపడి తక్కువ కోశానండీ. తప్పు నాదే. వేరే షెడ్డుకి తీసుకెళ్లండి."

"నాలుగొందల మందికి చెబితే రెండొందల మందికి వండి, జాలిపడ్డానంటే పెళ్లివాళ్లు ఊరుకుంటారా? లేవండి. మీరే కోస్తారు. నేనిక్కడే కూర్చుంటా" అని ఆవిడ స్టూలు లాక్కుంది.

ఈసారి మిషను మధ్యలో ఆగలేదు. రెండు వైపులా గీత దాకా తెగింది. తెగిన అంచులు వెల్డింగ్ చేశాడు, నా చీలికకు లోపల గుడ్డ పరిచి అతికించాడు, మళ్లీ రంగు వేశాడు. ఆరాక తనూ బండెక్కాడు. గతుకు దగ్గరికి రాగానే కళ్లు మూసుకున్నాడు. చక్రం నా కిందికి లేచింది, దేనికీ తగలకుండా దిగింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు నల్ల స్పోర్ట్స్ కారొకటి ఆగి ఉంది. దాని యజమాని నన్ను తడిమి తడిమి చూసి, ఖాసింవలీ వైపు తిరిగాడు.

"నా బండి కూడా ఇలా చెయ్యాలి భాయ్. ప్రాణంలా చూసుకుంటున్నా. కాస్త చూసి, కొంచెమే కొయ్యండి."

ఖాసింవలీ ఆ నల్ల రేకును నిమరలేదు. నిలబడి సుద్దముక్కతో నిండుగా గీత గీశాడు.

"కొంచెం కొయ్యడమే పాపమండీ" అన్నాడు.