పచ్చచుక్క కాపలా

మా వీధిలో నన్ను కత్తెర అంటారు. ఏళ్ల తరబడి కుట్టుపని చేశాను కాబట్టి ఆ పేరు వచ్చిందని మా ఆయన అందరికీ చెప్తారు గానీ, అది నా నోటిని చూసి పెట్టిన పేరని ఆయనకూ తెలుసు. చొక్కా బిగుతైపోయిందని నా దుకాణానికి పేచీకి వచ్చినవాళ్లు, తమ పొట్టే పెరిగిందని ఒప్పుకుని వెళ్లేవాళ్లు. అలాంటి నేను బఠాణీ గింజంత చుక్కకు భయపడ్డాను. ఎంతగా భయపడ్డానంటే, ఇప్పుడు చెప్తుంటే కూడా అరచేతులకు చెమట పడుతోంది.

మా కోడలు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. బీమా కంపెనీకి ఫోన్ చేసి మొత్తుకునేవాళ్ల గోడు వినాలి, వాళ్లను ఊరుకోబెట్టాలి. అదీ పని. పడకగదిలో బీరువాకూ కిటికీకీ మధ్య బల్ల వేసుకుంది. మొదట్లో అందరం తెగ సంబరపడ్డాం. బస్సుల్లో వేలాడక్కర్లేదు, ఎండా వానా లేదు, వేళకింత వేడి అన్నం. ఆఫీసు మన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందనుకున్నాను. మనల్ని ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆ కంప్యూటర్లో ఆమె పేరు పక్కన ఒక పచ్చచుక్క ఉంటుంది. మౌసు కదులుతున్నంతసేపూ పచ్చగా వెలుగుతుంది. కాసేపు కదలకపోతే, మనిషి కుర్చీలో లేదని పసుపైపోతుంది. పసుపైతే వాళ్ల టీమ్ లీడరుకు తెలిసిపోతుంది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. చూడకపోయినా గుడ్లగూబ అని పేరు పెట్టేశాను. టింగుమని ఆవిడ దగ్గర్నుంచి మెసేజీ వస్తుంది, ‘ఉన్నారా?’ అని. ఆ ఒక్క మాటే. అది చూడగానే మా పిల్ల మొహంలో నెత్తుటిచుక్క ఉండదు.

మా వాడు పనిచేసే ఫ్యాక్టరీ మూసేశాక ఇది మరీ ముదిరింది. వాడు పని వెతుక్కుంటూ వేరే ఊళ్లో తిరుగుతున్నాడు. ఇంటిల్లిపాదీ కోడలి ఉద్యోగం మీదే బతుకుతున్నాం. అంతలో వాళ్ల టీములో ఇద్దర్ని తీసేశారు. పనిలో తప్పు చేసి కాదు, చుక్క మాటిమాటికీ పసుపవుతోందని. ఇంకొకరిని కూడా తీస్తారని ఆ వారమంతా ఒకటే గుసగుసలు.

ఇక చూడండి మా ఇంటి బతుకు. కాలింగ్ బెల్లు తీగ ఊడదీశాం. విజిల్ వేస్తుందని కుక్కరు అటక ఎక్కించాను. మా ఆయనకు పొడిదగ్గు, ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. అందుకని పగలంతా బయట మెట్ల మీద కూర్చుని దగ్గుకుంటారు. “సొంతింట్లో దగ్గడానిక్కూడా పర్మిషన్ కావాలా?” అని మొదట్లో సణిగారు. ఓ రోజు తలుపు సందులోంచి కోడలి మొహం చూశారు. ఆ తర్వాత సణగలేదు. దిండు చంకలో పెట్టుకుని తనే వెళ్లి కూర్చునేవారు.

కోడలు మంచినీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా కనిపెట్టాను. పొద్దున నింపిపెట్టిన సీసా సాయంత్రానికి అలాగే ఉండేది.

“ఏమ్మా, నీళ్లు సయించట్లేదా?” అన్నాను.

“తాగితే లేవాల్సొస్తుంది అత్తయ్యా” అంది. సిగ్గుపడుతూ కాస్త నవ్వింది కూడా.

నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేది. ఛాతీ పట్టేసినట్టుందని అరచేత్తో రాసుకుంటూ ఉండేది. నా దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతున్నప్పుడు కూడా చెవులు పడకగది వైపే. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే “ఈ వారం గడవనివ్వండి” అనేది. ప్రతివారమూ అదే మాట. ఏదో ఒకరోజు ఈ పిల్ల నా కళ్ల ముందే కుప్పకూలిపోతుందని నా మనసు పోరు పెడుతూనే ఉంది. పైకి మాత్రం అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం.

అందుకే, తను స్నానానికి వెళ్లినప్పుడు మౌసు నేను కదుపుతానని నా అంతట నేనే చెప్పాను.

“ఊరికే అటూ ఇటూ జరపండి చాలు” అని కూర్చోబెట్టి నేర్పింది. “ఏదీ నొక్కకండి. మీటింగు నడుస్తుంటే మాత్రం గట్టిగా మాట్లాడొద్దు. మైకు ఒక్కోసారి ఆన్‌లోనే ఉండిపోతుంది. చుక్క పసుపు కాకూడదు.”

“మౌసంటే ఎలుకేగా. ఎలుకకు పిల్లిని కాపలా పెడుతున్నావన్నమాట.”

నవ్వుతుందనుకున్నాను. “పసుపు కాకూడదు అత్తయ్యా” అంది మళ్లీ.

ఆ కుర్చీలో కూర్చున్నాక గానీ నాకు అర్థం కాలేదు, ఆ చుక్క మనిషిని ఎలా పట్టుకుంటుందో. ఇలాంటి చుక్కలు ఎన్ని వందలు గుండీ రంధ్రాలకు గుర్తుగా పెట్టి ఉంటానో. వాటిలో ఒక్కటి కూడా నాకేసి చూడలేదు. ఇది చూస్తున్నట్టే ఉండేది. రెప్ప వేస్తే ఆ సందులో రంగు మారిపోతుందేమోనని కళ్లు మండేదాకా అలాగే చూసేదాన్ని. తను తిరిగొచ్చి భుజం తడితే ఉలిక్కిపడేదాన్ని. అలా కొన్ని రోజులు గడిచాయి.

ఆ మధ్యాహ్నం అందరితో పెద్ద మీటింగు జరుగుతోంది. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి కోడలు లేచి నిలబడింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“ఊపిరాడనట్టుంది” అని నా చెవిలో చెప్పింది. “మొహం కడుక్కుని ఇప్పుడే వచ్చేస్తా. మీరు కూర్చోండి.”

కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి చూస్తే వసారాకు అవతల బాత్రూమ్ తలుపు కనిపిస్తుంది. తను లోపలికి వెళ్లి గడియ పెట్టుకోవడం చూశాను. కుళాయి విప్పిన చప్పుడు విన్నాను. హెడ్‌ఫోన్‌లోంచి ఎవరో ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతున్నారు, డబ్బాలో తుమ్మెద దూరినట్టు. నేను మౌసు అటూ ఇటూ జరుపుతున్నాను. చుక్క పచ్చగా ఉంది.

అప్పుడు బాత్రూమ్‌లోంచి దభీమని చప్పుడైంది.

బకెట్టయి ఉంటుందనుకున్నాను. ప్లాస్టిక్ బకెట్టు పడితే అలా చప్పుడు కాదని నాకు తెలుసు. అయినా బకెట్టే అనుకున్నాను.

పిలుద్దామని నోరు తెరిచాను, మైకు గుర్తొచ్చింది. నేను మామూలుగా పిలిస్తే వీధి చివర కుక్క కూడా లేచి కూర్చుంటుంది. అలాంటిది, గొంతు నొక్కిపెట్టుకుని “అమ్మాయ్” అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు. కుర్చీలోంచి సగం లేచాను. సరిగ్గా అప్పుడే టింగుమంది.

‘ఉన్నారా?’

మళ్లీ కూలబడ్డాను. జవాబెలా ఇవ్వాలో నాకు తెలియదు. ఏదీ నొక్కొద్దంది కదా. చెయ్యి దానంతటదే మౌసును గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది. ఉన్నానమ్మా తల్లీ, ఉన్నాను, ఎక్కడికీ పోలేదు అని ఆ గుడ్లగూబ కాళ్లు పట్టుకుని బతిమాలుతున్నట్టే తిప్పాను. వీపంతా చెమట. నేను లేస్తే పసుపవుతుంది. పసుపైతే ఆ ఇంకొకరు మా పిల్లే అవుతుంది. ఇంత కష్టపడి నెట్టుకొచ్చింది కాస్తా నా చేతుల్లో పాడైపోతుంది. నీళ్ల చప్పుడు వస్తోందిగా, కడుక్కుంటోంది, ఇదిగో వచ్చేస్తుంది, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మనిషి మొహం కడుక్కుంటుంటే నీళ్ల చప్పుడు ఆగుతూ, మారుతూ ఉంటుంది. దోసిలి పట్టినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా. ఆ చప్పుడు మాత్రం దభీమన్నప్పట్నుంచీ ఒక్కలాగే వస్తోంది. అది నా చెవులకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా కూర్చున్నాను. మీరేమన్నా అనుకోండి, కూర్చునే ఉన్నాను. కళ్లు చుక్క మీద, చెవులు తలుపు మీద, చెయ్యేమో మౌసు మీద. కాళ్లు మాత్రం నా మాట వినలేదు.

కాసేపటికి బాత్రూమ్ తలుపు కింద నుంచి నీళ్లు బయటికొచ్చాయి. గట్టు దాటి, వసారాలోని కాళ్లు తుడుచుకునే పట్టాను తడిపి, గచ్చు మీద పరుచుకుంటూ పడకగది వైపు వస్తున్నాయి. లోపల నీళ్లు పోయే మోరీకి ఏదో అడ్డుపడితే తప్ప నీళ్లలా బయటికి రావు. ఏం అడ్డుపడి ఉంటుందో తట్టగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎలా లేచానో తెలియదు. కుర్చీ వెనక్కి పడింది. తలుపు మీద రెండు చేతులతో బాదాను.

“అమ్మాయ్. తలుపు తియ్యి. తియ్యవే తల్లీ.”

జవాబు లేదు. ఇక మైకూ లేదు, మీటింగూ లేదు. నా గొంతు నాకు తిరిగొచ్చింది. నేను పెట్టిన కేకకు మెట్ల మీద నుంచి మా ఆయన దగ్గుతూ పరుగెత్తుకొచ్చారు. ఆయన భుజంతో గుద్దితే తలుపు ఊగింది గానీ రాలేదు. బట్టల అలమర మీద నుంచి నా పాత ఇస్త్రీపెట్టె తెచ్చి, గడియ ఉండే చోట బలం కొద్దీ కొట్టాను. కొట్టగా కొట్టగా లోపల మేకులు ఊడి తలుపు తెరుచుకుంది.

కోడలు గచ్చు మీద పక్కకు ఒరిగి పడి ఉంది. వీపు మోరీకి అడ్డంగా ఉంది. కనుబొమ చిట్లి నెత్తురు నీళ్లలో కలిసిపోతోంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నాకేసే చూస్తోంది.

మా ఆయన కుళాయి కట్టేసి, కింది వాటాలో ఉండే నర్సును తీసుకురావడానికి పరుగెత్తారు. నేను నీళ్లలోనే కూలబడి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. చీరచెంగు కనుబొమకు అదిమిపట్టాను. ఒళ్లు మంచుగడ్డలా ఉంది. ఊపిరి ఉంది, పరుగెత్తి వచ్చినదానిలా ఎగపోస్తోంది. బతికే ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

“ఏమైందే నీకు?”

“కళ్లు తిరిగాయి అత్తయ్యా. పడ్డాక లేద్దామంటే కాళ్లూ చేతులూ రాలేదు.”

“స్పృహ ఉందా నీకు?”

“ఉంది.”

“మరి పిలవొచ్చుగా. ఒక్క కేక వెయ్యొచ్చుగా.”

ఆమె నా వైపు వింతగా చూసింది, ఇంత చిన్న విషయం అర్థం కాలేదా అన్నట్టు.

“మైకు ఆన్‌లో ఉందేమోనని” అంది.

ఆ తలుపుకు ఇటువైపు నేను, అటువైపు ఈ పిల్ల, ఇద్దరం నోరు మూసుకుని ఉన్నామన్నమాట. ఆమె తడి జుట్టు మీద నా చెయ్యి ఆగిపోయింది.

తనే అడిగింది. “నేను పడ్డ చప్పుడు మీకు వినపడిందా?”

అబద్ధం చెప్పొచ్చు. ఈ నోటికి అబద్ధం కష్టమేం కాదు. కానీ ఆ కళ్లు నా మొహం మీద నుంచి కదలట్లేదు.

“వినపడింది.”

“అప్పుడు లేచారా?”

“లేవలేదమ్మా. చుక్క పసుపవుతుందని కూర్చుండిపోయాను. తల్లీ, నన్ను ఏమన్నా అను. చేతకానిదాన్నని తిట్టు.”

కోడలి మొహం తేటపడింది. చెప్పడానికే నోరు రావట్లేదు, నిజంగానే తేటపడింది. ఎన్ని వారాలైందో ఆ మొహంలో ఆ నెమ్మది చూసి. తడిచేత్తో నా మణికట్టు పట్టుకుని నొక్కింది.

“మంచిపని చేశారు అత్తయ్యా” అంది. “నా కోసం ఎంత భయపడ్డారో. థాంక్సండీ.”

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నా మీద నీళ్లు గుమ్మరించి బయటికి పొమ్మన్నా తట్టుకునేదాన్ని. పడిపోయిన మనిషిని వదిలేసి చుక్కకు కాపలా కూర్చున్నందుకు, పడిపోయిన మనిషే నాకు థాంక్స్ చెప్తోంది. మనసారా చెప్తోంది. ఆ పిల్ల ఎంత దూరం వెళ్లిపోయిందో, నేను కూడా ఆమె వెనకాలే ఎంత దూరం నడిచానో తలుచుకుంటే, ఆ దభీమన్న చప్పుడు కన్నా ఎక్కువ భయమేసింది.

పడకగదిలో హెడ్‌ఫోన్‌లోంచి ఎవరో కోడల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒకసారి, రెండుసార్లు. కోడలు మోచెయ్యి గచ్చుకు ఆనించి లేవబోయింది.

“ఒక్క నిమిషం కూర్చుని వచ్చేస్తా. లేకపోతే ఉద్యోగం పోతుంది అత్తయ్యా.”

నేను రెండు చేతులతో ఆమెను గట్టిగా పట్టుకున్నాను.

“పోతే పోనీ” అన్నాను.

వీధంతా వినపడేలా అందామనుకున్నాను. కానీ ఆ మాట సన్నగా, వణుకుతూ వచ్చింది. ఆ వణుకు కోడలికి కూడా వినపడింది. నా మొహంలోకి చూసి, మళ్లీ లేవబోయింది. నేను వదల్లేదు.