పదిహేడో నంబరు బిళ్ళ

మా స్టేషన్లో ఉచిత వైఫై ప్రారంభించిన రోజున గోడకున్న పాత రేకు బోర్డు మరలు విప్పి, తుక్కు గదిలో పారేశారు. ఆ ఖాళీలో పెద్దసారు ఫోటో పెట్టారు. కింద "అందరినీ కలిపేవాడే నాయకుడు" అని అచ్చేయించారు. పెద్దసారంటే మా నగర రైళ్ళ సంస్థకు అధిపతి. ఆయన టికెట్ కొని రైలెక్కిన పాపాన పోలేదు. రిబ్బన్లు మాత్రం చక్కగా కత్తిరిస్తాడు.

ఆ బోర్డు సంగతి మీకు చెప్పాలి. దాని మీద నలభై మేకులుండేవి. పట్టాల పనికి సొరంగంలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న రేకు బిళ్ళను ఒక మేకుకు తగిలించి దిగాలి. పైకొచ్చాక తనే తీసుకోవాలి. తగిలించిన చెయ్యే తీయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. బోర్డు మీద ఒక్క బిళ్ళ ఉన్నా స్టేషన్ మాస్టరు బండికి పచ్చదీపం ఇవ్వడు. ఇరవై ఏళ్ళలో సొరంగంలో ఒక్క ప్రాణం పోలేదు.

ఇప్పుడు బిళ్ళ బదులు ఫోన్లో యాప్ వచ్చింది. దిగేటప్పుడు ఒకసారి నొక్కాలి, ఎక్కాక ఒకసారి నొక్కాలి. ప్రయాణికులు సినిమాలు చూసే వైఫై మీదే అదీ నడుస్తుంది. పది నిమిషాలు సిగ్నల్ అందకపోతే మనిషి పైకొచ్చేశాడని దానంతటదే అనేసుకుంటుంది.

దాని శిక్షణ సభలో, షెడ్డులో అందరికీ గ్రీజు మావయ్య అయిన పెద్దాయన కూతురు లేచి నిలబడింది. తండ్రి పట్టాలకు గ్రీజు పూస్తాడు, కూతురు బోల్టులు బిగిస్తుంది. అందుకే ఆమెను మేమంతా పానా అని పిలుస్తాం.

"కింద సిగ్నల్ సరిగ్గా ఉండదు కదండీ. మేం అక్కడే ఉండగా వెళ్ళిపోయామని యాప్ అనుకుంటే?"

పెద్దసారు నవ్వాడు. "చూడమ్మా, నాయకత్వ లక్షణాల్లో మొదటిదేంటో తెలుసా? చెడు ఊహించకపోవడం."

వెనకున్న అధికారుల కోట్లన్నీ చప్పట్లు కొట్టాయి. మేమూ కొట్టాం. సిగ్గులేని చేతులు మావి.

యాప్ వచ్చిన పందొమ్మిదో రోజు మధ్యాహ్నం బండి నడుపుతున్నది నేనే. పచ్చదీపం వెలిగింది, కదిలించాను. మలుపు తిరగగానే ముందు గ్రీజు డబ్బా కనపడింది, తర్వాత మావయ్య వీపు. బ్రేకు వేశాను. బండి ఆగేలోగా అంతా అయిపోయింది.

విచారణ నివేదిక మూడు రోజుల్లో వచ్చేసింది. మృతుడి ఫోను పాతదట, పైగా ఉద్యోగి అజాగ్రత్తట. స్టేషన్ పైకప్పు కారుతోందని మొరపెట్టుకుంటే మూడేళ్ళుగా విచారిస్తూనే ఉన్నారు. మనిషి చస్తే మూడు రోజులు చాలాయి. అంత చురుకైన నాయకత్వం మాది.

మర్నాడు షెడ్డులో సమావేశం పెట్టుకున్నాం. పట్టాలవాళ్ళు ఒక పక్క, డ్రైవర్లం ఒక పక్క.

"తొక్కించింది మీవాళ్ళేగా!" అని పట్టాల గ్యాంగులో ఒకడు అరిచాడు.

"దీపం చూసి నడిపాం. మమ్మల్నంటే ఊరుకోం!" అని మావాడొకడు లేచాడు.

యూనియన్ కార్యదర్శి చేతులు ఊపాడు. "ఆవేశపడకండి. వినతిపత్రం ఇద్దాం. పెద్దసారు మంచోడే, చుట్టూ ఉన్నోళ్ళే..."

"మీ వినతిపత్రాల మీద ఆయన టీకప్పు పెట్టుకుంటాడు. మీరు కూర్చోండి," అంది పానా.

నేను లేచాను. "తొక్కించింది నేనే. అన్నం సహించట్లేదమ్మా."

ఆమె నావైపు తిరిగింది. "అన్నా, నువ్వు దీపాన్ని నమ్మావు, నాన్న ఫోన్ని నమ్మాడు. బోర్డు పోయి యాప్ వస్తుంటే మనమంతా చప్పట్లు కొట్టాం. ఏడుపు చాలు, పనుంది."

సంచీలోంచి రూల్సు పుస్తకం తీసింది. "బోర్డు రూలు కొట్టెయ్యడం మర్చిపోయారు. పుస్తకం తెరిచే తీరిక వాళ్ళకెక్కడిది? బిళ్ళ ఉంటే బండి కదలకూడదు. తగిలిద్దాం. ఆ యాప్ పోయి, బోర్డు ఉంటుందని రాసిచ్చేదాకా ఒక్కరూ తియ్యొద్దు."

ఆ వారమే పెద్దసారుకు ఉత్తమ నాయకుడి బహుమతి వచ్చింది. దాన్ని కదిలే రైల్లో, కెమెరాల ముందు అందుకోవాలని ఆయన ముచ్చట. ఉదయం పదింటికి ప్లాట్‌ఫాం కిటకిటలాడుతోంది. మేం ఫోటో దించి, బోర్డు ఎక్కించాం. పానా ముందు తండ్రి పదిహేడో నంబరు బిళ్ళ తగిలించింది, తర్వాత తన పద్దెనిమిది. మేకులు నిండిపోయాయి. ఊడ్చే ఆడవాళ్ళు, టికెట్ కౌంటరువాళ్ళు గుర్తింపు కార్డులు తెచ్చి బిళ్ళల మీదే వేలాడదీశారు.

"మాకు ఆఫీసులున్నాయి! మీ గొడవకి మేమా బలి?" అని ఒక పెద్దమనిషి గొంతు చించుకున్నాడు.

కాలేజీ అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. "ఆయన పోయిన రోజు మధ్యాహ్నం ఇక్కడే కూర్చుని మా క్లాసంతా వైఫైలో సినిమా చూశాం. కింద మనుషుల ప్రాణాలు దాని మీదే ఉన్నాయని మాకెవరూ చెప్పలేదు." మెడలో కార్డు తీసి తగిలించింది. పెద్దమనిషి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు.

పెద్దసారు నా క్యాబిన్ దగ్గరకొచ్చాడు. "బండి తియ్యవయ్యా!"

"బోర్డు ఖాళీ కాలేదు సార్."

"ఏ బోర్డు?"

నిజంగానే తెలియదు పాపం.

పోలీసులొచ్చారు. పానాను ఇద్దరు రెక్కలు పట్టుకుని మెట్లెక్కించారు. ఆమె పెనుగులాడలేదు. "బిళ్ళలు జాగ్రత్త!" అని మాత్రం అరిచింది. అధికారి బోర్డు మీద చెయ్యేయబోయాడు. స్టేషన్ మాస్టరు అడ్డం వచ్చాడు. పెద్దసారు కారుక్కూడా నమస్కారం పెట్టే మనిషి ఆయన.

"తగిలించిన చెయ్యే తీయాలండీ. రూలు."

"ఎక్కడుందా చెయ్యి?"

"ఇప్పుడే మీరు పట్టుకెళ్ళారు."

ప్లాట్‌ఫాం అంతా గొల్లుమంది. పెద్దసారు ఎవరికో ఫోన్లో సందేశం పంపబోయాడు. అది పోలేదు. జనమంతా బోర్డు ఫోటోలు పంపుతుంటే ఆయనగారి వైఫై ఊపిరాడక ఆగిపోయింది. అరచేతిలో ఫోను మీద లోడింగ్ చక్రం గిర్రున తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు నాయకుడు.

నేను బండి తాళం పీకి కిందికి దిగాను. జనం దారిచ్చారు. మావయ్య మేకు మీద, పదిహేడో నంబరు బిళ్ళ పక్కనే, ఆ తాళాన్ని నా చేత్తో తగిలించాను.