పిన్ని లేని ఎపిసోడ్లు

అందరూ అతన్ని నిమిషాలాయన అనేవారు. అమ్మేది నిమిషాలే మరి. చిన్న చిన్న టీవీ స్టేషన్లకు ఒక పాత సీరియల్‌ను ఉచితంగా ఇచ్చేవాడు. మధ్యలో ప్రకటనలకు దొరికే సమయం మాత్రం తనది. మెట్ల కింద గదిలో రెండు టేపు మెషిన్లతో మొదలైన కంపెనీ మూడేళ్లు తిరక్కుండా నలభై స్టేషన్లకు పాకి, లిఫ్టున్న ఆఫీసులోకి మారింది.

ఆ సీరియల్ అతని చేతికి రావడం పిన్ని చలవే. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఆ సీరియల్లో నర్సు వేషం వేసింది. నిర్మాతకు నచ్చజెప్పి హక్కులిప్పించి, ఒక్క మాట అడిగింది.

"నా ముక్కలు మాత్రం కొయ్యకురా."

"నిన్ను కోస్తానా పిన్నీ."

అన్నాడు గానీ, ప్రకటనలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఇరవై రెండు నిమిషాల కథను పదహారుకు కుదించాలి. హీరోను ముట్టుకుంటే గొడవ, హీరోయిన్‌ను ముట్టుకుంటే ఇంకా గొడవ. ఎడిటర్ మొహమాటపడుతూనే నర్సు సీన్లను చూపించాడు. నిమిషాలాయన కాసేపు తల గోక్కుని సరేనన్నాడు. పిన్ని ఉండే ఊరికి మాత్రం కోత లేని టేపు పంపమన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఫోన్ వస్తే రెండు మాటల్లో ముగించేవాడు.

ఆర్నెల్లకు స్టేషన్లు ఒక్కొక్కటే జారుకున్నాయి. నర్సు లేకపోయేసరికి హీరో ఎందుకు ఏడుస్తున్నాడో, కథలో బిడ్డ ఎవరి బిడ్డో చూసేవాళ్లకు అంతుపట్టడం లేదట. కంగారులో ఇంకో రెండు నిమిషాలు కోయించాడు. చేజేతులా చేసుకున్నదే. ఆఫీసు ఖాళీ చేసేనాటికి పిన్ని ఊరి స్టేషనొక్కటే మిగిలింది. అక్కడ సీరియల్ వేళకు వీధిలో మనిషి కనబడడట.

అతను పిన్ని ఇంటికి వెళ్లేసరికి ఆవిడ టీవీ ముందే ఉంది. పక్కన కూర్చుని ఉన్నదంతా కక్కేశాడు.

"తెలుసులేరా" అంది పిన్ని. "పొరుగూళ్లో నా తోటికోడలుందిగా. సీరియల్లో నిన్నెప్పుడు చంపేశారక్కా అని అడిగింది."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను."

అతను సిగ్గుతో పిన్ని మొహం చూడలేక టీవీ వైపు తిరిగాడు. తెర మీద ఎవరో బిడ్డను ఎత్తుకున్నారు. మాట మార్చడానికి, "అది ఎవరి బిడ్డ పిన్నీ?" అన్నాడు.

పిన్ని నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఇన్ని ఊళ్లకిచ్చావు. ఒక్కసారీ చూళ్లేదట్రా?"

అతను తల దించుకున్నాడు.

"ఎలా చేశానురా అంటే బ్రహ్మాండం అనేవాడివిగా ఫోన్లో."

కోసినందుకు బాధపడని మనిషికి ఇది మాత్రం గుచ్చుకుంది. లేచి టీవీ వాల్యూమ్ పెంచింది.

"సరే, ఇప్పుడు చూడు."

నర్సు వచ్చింది. అతను కళ్లార్పకుండా చూశాడు. పిన్ని మాత్రం టీవీ చూడలేదు, అతని మొహమే చూస్తూ కూర్చుంది.