నార్మల్ అని రాసిన మోకాలు

పొద్దున్నే మూడు పళ్ళేల నిండా చేపముక్కలు గుడ్డుసొనలో ముంచి వేయించి, ఆసుపత్రిలో స్కాన్లు చదివే నా డ్యూటీకి వెళ్ళాను. ఆ రోజు మామగారి తండ్రి తద్దినం. అంత చేసి వచ్చినా పదకొండింటికి అత్తయ్య ఫోను.

“గుమ్మడికాయ ముక్కలు ఎవరు వేయిస్తారమ్మా? నీ స్కాన్ బొమ్మలు రేపు చూసుకోవచ్చు. తాతగారు రేపు రారు కదా!”

చెవికీ భుజానికీ మధ్య ఫోను, చేతి కింద మౌస్. తెర మీద గు సున్‌రే అనే ఆవిడ మోకాలి ఎమ్మారై. యాభై ఏడేళ్ళు, దక్షిణ కొరియాలోని మా కున్‌సాన్‌లో ఒక బడి వంటశాలలో వంటమనిషి. మోకాలి లోపల నెలవంకలా ఉండే మృదులాస్థి వెనక అంచున సన్నటి తెల్లగీత. తొడ ఎముక నుంచి దిగే ఒక చిన్న లిగమెంటు అక్కడ అతుక్కుంటుంది. అది కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఉన్నవాళ్ళలో ఆ అతుకే చిరుగులా కనిపించి మోసం చేస్తుంది. అతుకైతే రెండు మూడు చిత్రాల్లో గీత మాయమవుతుంది. చిరుగైతే ఇంకా సాగుతుంది. ముందుకు జరిపి చూడాలి.

“వింటున్నావా?” అంది అత్తయ్య.

“వస్తున్నానత్తయ్యా.”

నార్మల్, సహజమైన తేడా మాత్రమే అని రాసి సంతకం పెట్టాను.

ఏడు వారాలకి సున్‌రే మళ్ళీ వచ్చింది. సూప్ గంగాళం మోస్తుంటే మోకాలు పట్టు తప్పి పడిపోయిందట. కొత్త చిత్రాల్లో చిరుగు నోరు తెరుచుకుని ఉంది. పాతవి తెరిచాను. ఆ గీత ఐదో చిత్రంలోనూ ఉంది, ఆరోదాంట్లోనూ ఉంది. నేను మూడోదాని దగ్గరే ఆగిపోయాను. అత్తయ్య మీదకి నెట్టేయాలనిపించింది. ఎంత సులువు! పద్నాలుగేళ్ళుగా నన్ను ఆ ఇంటి పొయ్యి దగ్గర నిలబెట్టింది ఆవిడే. కానీ సంతకం పెట్టిన చెయ్యి నాదే. ఇంకో మూడు సెకన్లు ఆగమని ఆవిడతో అనలేకపోయిన నోరూ నాదే.

మా ఆయన కీహ్యోన్‌కి ఫోన్ చేసి చెప్పాను. “ఎవరైనా అడిగారా నిన్ను? పడ్డాక చిరిగిందనుకుంటారు, వదిలెయ్. కొరివితో తల గోక్కుంటావేంటి?” అన్నాడు.

వరండాలో సున్‌రే చేతికర్ర పట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

“డాక్టరమ్మా, అప్పుడు నేనే సరిగ్గా చెప్పలేకపోయానేమో. మీ కాగితం చూసి మా ఆయన నవ్వాడు. ‘నార్మలంట! పనిదొంగవి’ అన్నాడు. బడిలోనూ అదే మాట. నొప్పి నేనే ఊహించుకుంటున్నానా అనిపించింది. ఇక చెప్పడం మానేశా.”

పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. తిట్టినా బాగుండేది. ఆమె మోకాలిని అరచేత్తో కప్పుకుంది.

“అయితే అప్పుడే ఉందా? నేను అబద్ధమాడలేదుగా?”

“లేదు.”

“ఆ ముక్కే రాసివ్వండి. ఆయనకి చదివి వినిపిస్తా.”

లోపలికి వెళ్ళి పాత రిపోర్టు తెరిచాను. దాని కింద, మా డాక్టర్లెవరూ ఎప్పుడూ రాయని వాక్యాలు రాశాను: “చిరుగు మొదటి రోజే ఉంది. చూడాల్సిన నేను చూడలేదు. ఈమె చెప్పిన నొప్పి నిజం.”