గోడ ముందు కుట్టుషాపు

మూడో అంతస్తులో ఇంకా తెరిచి ఉన్న షాపు ఒక్కటే. అది బట్టలు సరిచేసే షాపు. పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తారు, బిగుతైన నడుములు వదులు చేస్తారు, పాడైన జిప్పులు మారుస్తారు. దాన్ని ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడిపేవారు. ఇప్పుడు అక్క ఒక్కతే ఉంది.

మాల్‌ని బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు వానలు పడేలోపు అయిపోతుందన్నారు. ఆ వానలు వెళ్ళిపోయాయి, మరుసటి ఏటి వానలూ వెళ్ళిపోయాయి. ఎదురుగా ఉన్న చెప్పుల షాపు ముందు ఖాళీ అయింది. తర్వాత కళ్ళజోళ్ళ షాపు. పక్కనున్న బొమ్మల షాపాయన చివరిదాకా ఓపిక పట్టి, ఒకరోజు తన టేబుల్ ఫ్యాను తెచ్చి అక్క చేతికిచ్చి, “నాకెందుకమ్మా ఇది” అని మెట్లు దిగిపోయాడు. ఎస్కలేటరు ఆగిపోయి చాలాకాలమైంది. అయినా దాని మొదటి మెట్టు మీద కాలు పెట్టిన ప్రతిసారీ అక్క ఒళ్ళు కొంచెం ముందుకు తూలుతుంది. అది కదులుతుందని కాళ్ళు ఇంకా నమ్ముతూనే ఉన్నాయి.

దుమ్ము తెల్లగా, పిండిలా పడుతుంది. పొద్దున ఎక్కించిన నల్లదారం సాయంత్రానికి బూడిదరంగుకి తిరుగుతుంది. పనైన బట్టలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడుగుతుంది అక్క. చెల్లెలి మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంచుతుంది. సాయంత్రం వెళ్ళేముందు దుప్పటి తీసి, చిన్న గుడ్డముక్క పెట్టి, దాన్ని కాసేపు తొక్కుతుంది. వాడకపోతే మిషను బిగుసుకుపోతుందని చెప్పుకుంటుంది కానీ, ఆ చప్పుడు వేరు. చెల్లెలి మిషను కొంచెం దగ్గుతున్నట్టు తిరుగుతుంది.

చెల్లెలు వెళ్ళేటప్పుడు పెద్ద గొడవేం కాలేదు. ఊరి చివర రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది.

“ఇక్కడ నాకు మాట్లాడ్డానికి నువ్వే, నీకు నేనే” అంది చెల్లెలు డబ్బా కడుగుతూ. “పొద్దున ఇంట్లో చెప్పుకున్నదే మధ్యాహ్నం ఇక్కడ చెప్పుకుంటున్నాం. నా మొహం చూసి చూసి నీకు విసుగు రావట్లేదా అక్కా?”

“నీ మొహం నేనెక్కడ చూస్తున్నాను, ఎప్పుడూ ఆ ఫోన్‌లోనే కదా ఉంటుంది.”

“మాల్ తెరిచాక వచ్చేస్తాలే.”

ఆ చివరి మాట చెల్లెలు ఎలా అన్నదో గానీ, అక్క మాత్రం దాన్ని భద్రంగా దాచుకుంది. ఫ్యాక్టరీ దూరమని చెల్లెలు అక్కడే హాస్టల్లో చేరింది. ఇంట్లో కంచాలు ఒకటికి తగ్గాయి. అక్క పొద్దున్నే వచ్చి షట్టరు ఎత్తుతుంది, సాయంత్రం దించుతుంది. ఎందుకంటే మాల్ వాళ్ళ షరతు ఒకటుంది. పనులు జరిగినంత కాలం తెరిచి ఉన్న షాపుకి తర్వాత కూడా అదే చోటు ఇస్తారు. వరసగా వారం మూసి ఉంటే ఆ చోటు వేరేవాళ్ళకి పోతుంది. చోటు పోతే చెల్లెలు తిరిగి రావడానికి ఏం మిగులుతుంది? అక్క లెక్క అంతే. దాన్ని ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి కూడా.

రోజూ పొద్దున ఫ్లోర్ మేనేజరు వచ్చి, ఎత్తి ఉన్న షట్టరుని ఫోన్‌లో ఫోటో తీసుకుని పోతాడు. ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పాడు.

“రాత్రికి మీ వరస ముందంతా గోడలా బోర్డులు కొట్టేస్తారు. మీ షాపుకి దారి వదలమని మేస్త్రికి చెప్పాను. కంగారు పడకండి.”

“సరే సార్” అంది అక్క.

సాయంత్రం ఒక కస్టమరు ఫోన్ చేసి, కింద తిరిగి తిరిగి దారి దొరకలేదంది. సరిచేసిన ఆమె కోటు తీసుకుని అక్కే కిందికి వెళ్ళి ఇచ్చి వచ్చింది. తిరిగి వచ్చేసరికి షాపు ముందు నేల మీద సుద్దగీతలు కనిపించాయి. ఇటొకటి, అటొకటి, మధ్యలో అడ్డంగా ఏదో గుర్తు.

బట్టల పనిలో సుద్దగీత ఉండేది చెరపడానికే. గుడ్డ మీద గీస్తారు, గీత వెంట కుడతారు, పనయ్యాక దులిపేస్తారు. ఎక్కడైనా ఇంత తెలుపు మిగిలి కనబడితే, పని నేర్పిన రోజుల్లో అమ్మ ఆ బట్టని మొహాన కొట్టేది. అక్క చేతికి అది ఎంత అలవాటంటే, గీసింది ఎవరు, ఎందుకు అని తల అడిగేలోపే చెయ్యి తడిగుడ్డ అందుకుంది. గడప ముందంతా శుభ్రంగా తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, చెల్లెలి మిషను కాసేపు తొక్కి, షట్టరు దించి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున మూడో అంతస్తులో షాపు లేదు.

ముందు అంతస్తు పొరపడ్డాననుకుంది. కిందికి దిగి మళ్ళీ ఎక్కింది. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా తెల్లటి గోడ, ఎక్కడా సందు లేదు. చెప్పుల షాపు, కళ్ళజోళ్ళ షాపు, బొమ్మల షాపు, తన షాపు అన్నీ దాని వెనక్కి వెళ్ళిపోయాయి. అక్క గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఇంకా కొత్త వాసన వస్తోంది. తాళంచెవి చేతిలోనే ఉంది.

బోర్డుల మేస్త్రి నిచ్చెన మీంచి దిగి వచ్చాడు. నడివయసు దాటినవాడు, మీసాల్లో కూడా దుమ్మే.

“ఏంటమ్మా, దారి వదల్లేదా మావాళ్ళు? నేను గుర్తు పెట్టే వెళ్ళానే. గీతలు పెట్టి, మధ్యలో ఇంటూ కూడా కొట్టాను.”

“ఏ గీతలు?”

“సుద్దతో. నేల మీద. రాత్రి మావాళ్ళు ఫోన్ చేసి ఇక్కడ గీత ఏమీ లేదన్నారు. లేకపోతే కొట్టేయండన్నాను.”

మేస్త్రి ఆమె మొహం చూశాడు, తర్వాత నేలని చూశాడు. ఆ ఒక్క చోటే నేల మెరుస్తోంది.

“తుడిచేశారా?”

“తుడిచేశాను.”

మేస్త్రి నవ్వాపుకోలేకపోయాడు. “నా సర్వీసులో నా గీతల్ని తొక్కినవాళ్ళని చూశాను, వాటి మీద ఉమ్మేసినవాళ్ళని చూశాను. తడిగుడ్డ పెట్టి తుడిచింది మీరొక్కరేనమ్మా.”

“ఇప్పుడు కోసేయండి మరి.”

“అదే కుదరదు. ఇది మంటలంటుకోని బోర్డు. ఒకసారి కొట్టాక పైనుంచి మాట రాకుండా నేను రంపం పెడితే నా ఉద్యోగానికే రంపం పెట్టినట్టు.”

ఫ్లోర్ మేనేజరు వచ్చాడు. గోడ చూసి, తల గోక్కుని, పైవాళ్ళకి రాస్తానన్నాడు. జవాబు రావడానికి వారం పట్టొచ్చన్నాడు.

“అప్పటిదాకా షాపు మూసి ఉన్నట్టేనా సార్?”

ఆయన మంచివాడే. అందుకే నేల చూపులు చూశాడు. “నేనేం చెయ్యనమ్మా? రోజూ తెరిచిన షాపు ఫోటో పంపాలి నేను.”

“తెరిచి ఉండటమంటే ఏంటి సార్?”

“అంటే... కస్టమరు వస్తే పని జరగాలి. అంతేగా.”

అక్క మేస్త్రిని అడిగి ఒక స్టూలు తెచ్చుకుంది. సంచిలో సూదులు, దారాలు, కత్తెర ఎప్పుడూ ఉంటాయి. గోడకి వీపు ఆనించి కూర్చుంది. “తెరిచాను సార్” అంది.

మేనేజరు కాసేపు చూసి, ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. “ఇందులో గోడే ఎక్కువ కనబడుతోంది” అన్నాడు.

“నేను కూడా కనబడుతున్నాను కదా.”

ఆ రోజంతా ఎవరూ రాలేదు. ఫోన్ చేసిన ఇద్దరు ముగ్గురు గోడ సంగతి విని, తర్వాత వస్తామన్నారు. బట్టలన్నీ లోపలే ఉన్నాయి, ఇవ్వడానికి కూడా ఏమీ లేదు. అక్క తన కొంగు అంచు విప్పి మళ్ళీ కుట్టుకుంది. మర్నాడు మేస్త్రి తన కోటు తెచ్చి ఒళ్ళో పడేశాడు. జేబు వేలాడుతోంది.

“నేనూ కస్టమరునే. త్వరగా కావాలి, ఫంక్షన్ ఉంది” అన్నాడు. కోటంతా సున్నం. ఏ ఫంక్షనో అక్క అడగలేదు. జేబుని ఇంకో పదేళ్ళు ఊడకుండా కుట్టింది. తర్వాత ఆయన మనుషులు ఒకరొకరే చిరుగులు తెచ్చారు, రెండు రోజులు. ఆ పైన వాళ్ళకి నాలుగో అంతస్తులో పని పడింది. పైనుంచి రంపం చప్పుడు, అప్పుడప్పుడు ఎవరో పాడుతున్న కూనిరాగం వినబడేవి. కింద అక్క ఒక్కతే, మడతపెట్టిన నిచ్చెన పక్కన, మడతపెట్టిన ఇంకో నిచ్చెనలా.

చెల్లెలికి సెలవు రోజు వచ్చింది. ఫోన్‌లో గోడ గురించి విన్నది కాబట్టి నేరుగా మాల్‌కే వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. జుట్టు కత్తిరించుకుంది.

“షాపేదక్కా?”

“ఇదే.”

“గోడకి షాపు పెట్టావా?”

“షాపుకి గోడ పెట్టారు. కూర్చో.”

కూర్చోవడానికి ఇంకో స్టూలు లేదు. చెల్లెలు నేలమీద అట్టముక్క వేసుకుని అక్క మోకాలికి ఆనుకుని కూర్చుంది. తెచ్చిన డబ్బా విప్పింది. ఇద్దరూ తిన్నారు. ఫ్యాక్టరీలో తన వరసలో ఉన్నవాళ్ళ గురించి చెల్లెలు ఆపకుండా చెప్పింది. ఒకామె కాలరు మాత్రమే కుడుతుందట, రోజంతా కాలర్లే. కలలో తన మొగుడు ఒట్టి కాలరుతో వచ్చాడట. అక్క చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఖాళీ అంతస్తులో అటు చివరిదాకా వెళ్ళి వచ్చింది.

“ఎన్నాళ్ళు కూర్చుంటావక్కా ఇట్లా?” అంది చెల్లెలు, నవ్వు ఆగాక.

“జవాబు వచ్చేదాకా. ఎక్కువ లేదులే. ఒకసారి మాల్ తెరిచారంటే ఇటువైపు జనం ఎంత ఉంటారో నీకు తెలీదు. మన ఇద్దరికీ చెయ్యి ఖాళీ ఉండదు.”

చెల్లెలు డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“అక్కా, నన్ను పర్మనెంట్ చేశారు.”

“మంచిదే కదా.”

“హాస్టల్ మానేసి రూం తీసుకున్నా. నేనూ, ఆ కాలర్లామె చెల్లెలూ. సాయంత్రాలు చుట్టుపక్కల వాళ్ళు జాకెట్లు అడుగుతున్నారు.” ఆగింది. “నా మిషను నాకు కావాలి.”

అక్క చేతిలో సూది ఉంది. దారం అయిపోయింది. ఇంకో దారం తీసి, కళ్ళు చిట్లించి, ఎక్కించడానికి చూసింది. ఎక్కలేదు. చెల్లెలు సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

“నాకోసమే కూర్చున్నావా ఇక్కడ?” అంది మెల్లగా.

“నీకోసం ఎవరు కూర్చుంటారే. నాకు వేరే పని రాదు.”

“మాల్ తెరిచాక వస్తానన్నానని...”

“అన్నావులే. అప్పుడు అనుకున్నావు, అన్నావు.”

చెల్లెలు అక్క మోకాలి మీద తల పెట్టుకుంది. అక్క ఆమె కత్తిరించిన జుట్టులోంచి తెల్లదుమ్ము దులిపింది. ఎంత దులిపినా ఇంకా పడుతూనే ఉంది. సాయంత్రం బస్సు ఉందని చెల్లెలు లేచింది. ఎస్కలేటరు మెట్లు దిగుతూ మొదటి మెట్టు దగ్గర తూలి, వెనక్కి చూసి నవ్వింది. అక్క చెయ్యి ఊపింది.

జవాబు వారం నిండకముందే వచ్చింది. ఫ్లోర్ మేనేజరు పరుగున వచ్చి మరీ చెప్పాడు, తనకే ఏదో దొరికినట్టు. చోటు ఎక్కడికీ పోలేదు, గోడలో దారి కోయొచ్చు. అక్క ఆయనకి దణ్ణం పెట్టింది. ఆయన వెళ్ళాక చాలాసేపు స్టూలు మీదే కూర్చుంది. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న చోటు, ఇప్పుడు ఎంత పెద్దదో అనిపించింది.

నాలుగో అంతస్తు నుంచి మేస్త్రి రంపంతో దిగి వచ్చాడు.

“ఎంత వెడల్పు కావాలమ్మా? వాళ్ళు మనిషి పట్టేంత చాలన్నారు. అంతే అయితే ఇప్పుడే అయిపోతుంది. పెద్దది కావాలంటే లోపల ఇనప చట్రం కూడా కొయ్యాలి, సాయంత్రం అవుతుంది. మీ ఇష్టం.”

అక్క లేచి గోడ ముందు నిలబడింది. మెడలోంచి టేపు తీసింది. చెల్లెలి మిషను బల్ల కొలత ఆమెకి లోపలికి వెళ్ళి చూడకుండానే తెలుసు. టేపుని గోడ మీద అంత మేర పట్టుకుని, కాసేపు చూసి, రెండు పక్కలా కొంచెం జరిపింది.

“ఇంత” అంది. “ఒక మిషను బయటికి పోవాలి. మోసేవాళ్ళ చేతులు గీసుకుపోకుండా అటూ ఇటూ కొంచెం వదులు ఉంచండి.”